కేదార్‌నాథ్, బదరీనాథ్ యాత్రకు సొంతంగా వెళ్ళడం ఎలా?

సిరోబగడ్ అనే పేరు మా అమ్మ ఇప్పటికీ మర్చిపోలేదు. శ్రీనగర్‌కీ రుద్రప్రయాగకీ మధ్య కొండ తరచూ జారే చోటు అది. (కశ్మీర్ శ్రీనగర్ కాదు, గఢ్వాల్‌లో అలకనంద ఒడ్డున ఉన్న శ్రీనగర్.) బదరీనాథ్ దర్శనం చేసుకుని దిగుతుంటే మాకు పది బళ్ళ ముందు రాళ్ళు పడ్డాయి. జేసీబీ వచ్చి దారి తీసేసరికి ఏడు గంటలైంది. మర్నాడు తెల్లవారుజామున హరిద్వార్‌లో రైలు ఎక్కాలి, అక్కడి నుంచి ఢిల్లీలో విమానం. రెండూ పోయాయి. ‘ఆరు రోజుల్లో రెండు ధామాలు’ అని చెప్పి తీసుకెళ్ళిన టూర్ వాళ్ళు చేతులెత్తేశారు. వాళ్ళనే అని ఏం లాభం, మ్యాపులో కిలోమీటర్లు చూసి సరేనన్నది నేనే.

రెండోసారి మేమే ప్లాన్ వేసుకుని పది రోజులకి వెళ్ళాం. అదే ఇక్కడ చెప్తున్నాను. కొండల్లో దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా గంటల్లో కొలవడం మొదలుపెడితే సగం టెన్షన్ తగ్గిపోతుంది.

ముందు నెల తేల్చుకోండి

ఈ గుళ్ళు ఏడాది పొడుగునా తెరిచి ఉండవు. కేదార్‌నాథ్ తలుపులు తెరిచే రోజును శివరాత్రి నాడు ఊఖీమఠ్‌లో ప్రకటిస్తారు. బదరీనాథ్ తేదీని వసంత పంచమి నాడు నరేంద్రనగర్ రాజభవనంలో చెబుతారు. రెండూ ఏప్రిల్ చివరా, మే మొదట్లో తెరుచుకుంటాయి. కేదార్‌నాథ్ మూసేది యమద్వితీయ నాడు, అంటే మనం భగినీ హస్త భోజనం చేసే రోజు. బదరీనాథ్ మరికొన్నాళ్ళు, నవంబర్ నడిమి దాకా ఉంటుంది. చలికాలంలో కేదారుడి ఉత్సవమూర్తిని ఊఖీమఠ్‌లోని ఓంకారేశ్వరాలయానికి దించి అక్కడే పూజిస్తారు.

మే, జూన్ నెలల్లో దేశం మొత్తం అక్కడే ఉంటుంది. గది దొరకదు, గుర్రం దొరకదు, క్యూ కదలదు. జూలై, ఆగస్టు వద్దే వద్దు. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ పైనున్న చోరాబారీ చెరువు తెగి మందాకిని నది ఏం చేసిందో అందరికీ గుర్తుంది. 2024 జూలై 31 రాత్రి కురిసిన కుంభవృష్టికి కూడా కేదార్‌నాథ్ నడకదారి చాలాచోట్ల కొట్టుకుపోయింది. నా ఓటు సెప్టెంబర్ చివరి వారం నుంచి అక్టోబర్ మూడో వారం దాకా. వానలు తగ్గిపోతాయి, ఆకాశం కడిగినట్టు ఉంటుంది, మంచుకొండలు కనిపిస్తాయి. పిల్లల దసరా సెలవులూ అప్పుడే. చలి మాత్రం గట్టిగానే ఉంటుంది.

రిజిస్ట్రేషన్ చేసుకోండి, ఆ తర్వాతే టికెట్లు కొనండి

చాలామంది ముందు విమానం టికెట్లు కొనేసి తర్వాత రిజిస్ట్రేషన్‌కి వెళ్తారు. అప్పటికి ఆ తేదీ నిండిపోతే అవస్థే. ఉత్తరాఖండ్ ప్రభుత్వ పర్యాటక శాఖ వెబ్‌సైట్‌లో గానీ ‘టూరిస్ట్ కేర్ ఉత్తరాఖండ్’ యాప్‌లో గానీ చేసుకోవచ్చు. డబ్బేమీ కట్టక్కర్లేదు. ఒక్కో ధామానికి ఏ రోజు వెళ్తారో విడివిడిగా అడుగుతారు. ఆధార్ దగ్గర పెట్టుకోండి. చివర్లో వచ్చే క్యూఆర్ కోడ్ కాగితాన్ని ఫోన్‌లో ఉంచుకోవడంతో పాటు రెండు కాపీలు ప్రింటు తీసుకోండి. పైకి వెళ్ళాక ఫోన్ ఛార్జింగ్‌ని నమ్మలేం. ఆన్‌లైన్‌లో కుదరనివాళ్ళకి హరిద్వార్, రిషికేశ్‌లలో కౌంటర్లు ఉంటాయి కానీ రద్దీ రోజుల్లో అక్కడ నిలబడటమే ఒక తపస్సు.

కేదార్‌నాథ్‌కి హెలికాప్టర్ కావాలంటే గుప్తకాశి, ఫాటా, సెర్సీల నుంచి ఎక్కాలి. టికెట్లు ఐఆర్‌సీటీసీ వారి హెలీయాత్ర వెబ్‌సైట్‌లోనే. దానికి కూడా యాత్ర రిజిస్ట్రేషన్ నంబర్ అడుగుతారు. ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో ‘హెలికాప్టర్ టికెట్ గ్యారంటీ’ అనేవాళ్ళకి పైసా పంపకండి. మా వీధిలోనే ఒకాయన అలా పోగొట్టుకున్నాడు. నిజమైన టికెట్ ఉన్నా మబ్బు పడితే హెలికాప్టర్ ఎగరదు. కాబట్టి హెలికాప్టర్ వాళ్ళు కూడా ఒక రోజు అదనంగా పెట్టుకోవాలి.

రిషికేశ్ దాకా

ఇది తేలికే. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఢిల్లీకి రైళ్ళున్నాయి, అక్కడి నుంచి హరిద్వార్ నాలుగైదు గంటలు. విమానంలో అయితే డెహ్రాడూన్ జాలీ గ్రాంట్ దగ్గర దిగండి. రిషికేశ్ అక్కడికి గంట లోపే. రిషికేశ్‌లో టీటీడీ వారి ఆంధ్ర ఆశ్రమం ఉంది, లోపల వేంకటేశ్వరస్వామి గుడి కూడా ఉంది. గది కావాలంటే ముందే కనుక్కోండి.

చేరిన రోజు ఎంత హుషారుగా ఉన్నా కొండెక్కకండి. ఆ రాత్రి రిషికేశ్‌లోనే పడుకోండి.

బండి మాట్లాడటం

మూడు దారులున్నాయి. రిషికేశ్ యాత్రా బస్టాండు నుంచి తెల్లవారుజామున బస్సులు బయల్దేరతాయి. చవక, కాకపోతే మధ్యలో మనకి కావలసిన చోట ఆగవు. రెండోది షేర్ జీపులు. సుమో, బొలెరో, మ్యాక్స్ బళ్ళు ఒక ఊరి నుంచి పక్క ఊరికి, అక్కడి నుంచి ఇంకో ఊరికి తిరుగుతుంటాయి, నిండగానే కదులుతాయి. ఒంటరిగా, చిన్న సంచితో వెళ్ళేవాళ్ళకి ఇది బాగుంటుంది. మూడోది సొంతంగా టాక్సీ. పెద్దవాళ్ళు ఉంటే ఇదే మంచిది.

టాక్సీ మాట్లాడేటప్పుడు ఢిల్లీ బండి వద్దు. హరిద్వార్‌లోనో రిషికేశ్‌లోనో కొండ డ్రైవర్‌నే పెట్టుకోండి. ఎదురుగా బస్సు వస్తే ఎవరు వెనక్కి తగ్గాలో, ఏ వంపులో హారన్ కొట్టాలో వాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య. టాక్సీలకు ఈ యాత్రలో గ్రీన్ కార్డు, ట్రిప్ కార్డు అనే రవాణా శాఖ అనుమతులు ఉండాలి. అవి ఉన్నాయా అని ముందే అడగండి. రోజుకి ఇంత అని మాట్లాడుకోవాలి, దారి మూసుకుని ఒక రోజు ఎక్కువైతే ఎంత ఇవ్వాలో కూడా అప్పుడే తేల్చుకోవాలి. పార్కింగ్, డ్రైవర్ భోజనం, పడక ఎవరిది అన్నది కూడా. ఎత్తు ఎక్కేటప్పుడు ఏసీ వేయరు, దానికి గొడవపడకండి. రాత్రిళ్ళు కొండదారిలో బండి నడపనివ్వరు. డ్రైవర్ నడుపుతానన్నా మీరు ఒప్పుకోవద్దు.

సంచిలో ఏముండాలి

ఒక పెద్ద సూట్‌కేసు, ఒక చిన్న వీపు సంచి. పెద్దది కింద బండిలోనే ఉండిపోతుంది, చిన్నదే కేదారం ఎక్కుతుంది. చిన్నదాంట్లో: ఒక జత పొడి బట్టలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి, థర్మల్స్, స్వెట్టర్, మంకీ క్యాప్, గ్లవ్స్, మందులు, టార్చి, పవర్ బ్యాంకు, నీళ్ళ సీసా. పైన వేసుకోవడానికి వాన కోటు. గొడుగు పనికిరాదు, గుర్రాల మధ్య అది ఇంకొకరి కళ్ళలో పొడుస్తుంది. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు.

బూట్లు కొత్తవి కొని అదే రోజు వేసుకుని ఎక్కకండి. నెల ముందు నుంచి వాటితోనే వాకింగ్ చేయండి. ఆ నెలలో రోజూ గంటసేపు నడక, వారంలో రెండు రోజులు మెట్లు. తిరుమల మెట్లు ఒకసారి ఎక్కి చూసుకుంటే మీ సంగతి మీకు తెలుస్తుంది. ఉన్ని సాక్సులు ఒక జత విడిగా ఉంచండి. గుడి ముందు బండల మీద ఉత్త కాళ్ళతో నిలబడితే చలి మోకాళ్ళ దాకా పాకుతుంది.

డబ్బు నోట్లలోనే ఉంచుకోండి, వందలూ రెండు వందలూ ఎక్కువగా. ఫోన్‌పే కింద ఊళ్ళలో నడుస్తుంది, సిగ్నల్ పోతే అదీ పోతుంది. గుప్తకాశి, జోషీమఠ్‌లలో ఏటీఎంలు ఉన్నా సీజన్‌లో ఖాళీగా కనిపించడం మామూలే.

ఇక తిండి. పులిహోర మొదటి రోజుకే పనికొస్తుంది. కారప్పొడి, పల్లీలు, జంతికలు, ఖర్జూరం, ఒక చిన్న సీసాలో ఆవకాయ చాలు. దారి పొడుగునా ఆలూ పరోటా, రాజ్మా అన్నం, మ్యాగీ దొరుకుతాయి. కానీ చిన్న ఊళ్ళలో కొండవాళ్ళ భోజనం అడిగి చూడండి. వాళ్ళ మండువా రొట్టె అంటే మన రాగి రొట్టే. ఝంగోరా అంటే ఊదలు, గహత్ అంటే ఉలవలు. ‘ఇంత దూరం వచ్చి ఉలవచారా’ అని మా అమ్మ నవ్వింది కానీ రెండోసారి పోయించుకుంది.

రోజువారీ లెక్క

మొదటి రోజు రిషికేశ్ అనుకున్నాం. రెండో రోజు ఆరింటికల్లా బయల్దేరి గుప్తకాశి చేరాలి. దాదాపు 180 కిలోమీటర్లు, ఎనిమిది గంటలు వేసుకోండి. మలుపుల్లో వాంతులయ్యేవాళ్ళు బండెక్కడానికి అరగంట ముందే మాత్ర వేసుకుని ముందు సీట్లో కూర్చోవాలి. ముందు దేవప్రయాగ వస్తుంది. ఇక్కడే భాగీరథి, అలకనంద కలుస్తాయి, ఇక్కడి నుంచే ఆ నదిని గంగ అంటారు. రెండు రంగుల నీళ్ళు పైనుంచే కనిపిస్తాయి. శ్రీనగర్ దాటాక నది మధ్యలో ధారీదేవి గుడి. రుద్రప్రయాగ దగ్గర బదరీ దారి కుడివైపు పోతుంది, మనం మందాకిని వెంట ఎడమకి తిరుగుతాం.

మూడో రోజు కేదారం. దీని గురించి వివరంగా చెప్పాలి.

గుప్తకాశిలో తెల్లవారుజామున నాలుగింటికే లేవండి. సొంత బండి సోన్‌ప్రయాగ దాకానే. అక్కడ పోలీసులు రిజిస్ట్రేషన్ చూస్తారు. అక్కడి నుంచి ఐదు కిలోమీటర్లు షేర్ జీపులో గౌరీకుండ్. జీపు క్యూ ఒక్కోసారి గంటన్నర పడుతుంది, అందుకే ఆ పెందలాడే లేవడం. రద్దీగానో వానగానో ఉంటే మధ్యాహ్నం దాటాక పైకి వదలరు.

గౌరీకుండ్ నుంచి గుడికి సుమారు 16 కిలోమీటర్లు. గౌరీకుండ్ ఎత్తు 2,000 మీటర్లకి కాస్త తక్కువ, కేదార్‌నాథ్ 3,583. అంటే ఒక్క రోజులో 1,600 మీటర్లు పైకి. మామూలు నడకకి ఏడు నుంచి పది గంటలు. దారిలో జంగిల్ చట్టీ, భీంబలీ వస్తాయి. ఇక్కడిదాకా నడక హాయిగా ఉంటుంది, అందరూ ఇక్కడే తొందరపడి అలిసిపోతారు. ఒకప్పుడు రాంబారా అని పెద్ద మజిలీ ఉండేది, 2013 వరదలో ఊరే లేకుండా పోయింది. అక్కడ వంతెన మీద మందాకిని దాటి అవతలి ఒడ్డుకి వెళ్ళాక లించోలీ దాకా నిట్టనిలువు. అసలు పరీక్ష అక్కడే. అరగంట నడక, ఐదు నిమిషాలు విశ్రాంతి అని పెట్టుకోండి. కూర్చుంటే మళ్ళీ లేవబుద్ధి కాదు, నిలబడే ఊపిరి పీల్చుకోండి. పక్కవాడితో మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే మీ వేగం. ఆయాసంతో మాట ఆగిపోతోందంటే తగ్గించాలి.

గుర్రం, దండీ, కండీ ఉన్నాయి. దండీని నలుగురు మోస్తారు, కండీ ఒకరి వీపున ఉండే బుట్ట. ప్రభుత్వం నిర్ణయించిన రేట్లు ఉంటాయి, కౌంటర్లోనే డబ్బు కట్టి రసీదు తీసుకోండి. గుర్రం మీద వెళ్ళేవాళ్ళకి ఒక మాట: కుంటుతున్నదాన్నీ ఒంటి మీద పుళ్ళున్నదాన్నీ ఎక్కకండి, ఇంకోటి అడగండి. దిగేటప్పుడు గుర్రం వద్దు, నడవండి. దిగుతున్నప్పుడే ఎక్కువమంది పడతారు. నడిచేవాళ్ళు ఎప్పుడూ లోయవైపు కాకుండా కొండవైపు ఒదిగి నడవాలి. గుర్రం తోస్తే గోడకి తగులుకుంటారు, అంతే.

సాయంత్రానికి చేరి పైనే పడుకోండి. గది ముందే బుక్ చేసుకుని ఉండాలి. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వారి గదులు, టెంట్లు ఉంటాయి. గదిలో సౌకర్యాలు అడగకండి, మందపాటి రజాయి ఇస్తే చాలు. వేడినీళ్ళు బకెట్ లెక్కన అమ్ముతారు. మధ్యాహ్నం గుడి కాసేపు మూస్తారు, సాయంత్రం తెరిచాక శృంగార (అలంకార) దర్శనం దూరం నుంచే. లింగాన్ని తాకాలంటే పొద్దున్నే వెళ్ళాలి, అది కూడా ఆ రోజు రద్దీని బట్టి. గుడి వెనక భీమశిల చూడకుండా రావద్దు. వరదలో కొట్టుకొచ్చి గుడి వెనకే ఆగి నీటిని రెండు పాయలుగా చీల్చిన బండ అది. శ్రీశైలం మల్లన్న లాగే ఈయనా పన్నెండు జ్యోతిర్లింగాల్లో ఒకరు. సంప్రదాయంగా ఇక్కడి రావల్ (గుడి పెద్ద) కర్ణాటక వీరశైవుడు, బదరిలో రావల్ కేరళ నంబూద్రి. మంచుకొండల్లో ఇద్దరూ దక్షిణాది వాళ్ళే అని తెలిస్తే మనకి కాస్త చుట్టరికం కలిసినట్టు ఉంటుంది.

నాలుగో రోజు దర్శనం, కిందికి దిగడం, మళ్ళీ గుప్తకాశిలో పడక.

ఐదో రోజు ఏమీ పెట్టుకోవద్దు. ఊఖీమఠ్ మీదుగా చోప్తా వెళ్ళి కూర్చోండి. 2,600 మీటర్ల పైన పచ్చిక మైదానాలు, దేవదారులు. కాళ్ళు సహకరిస్తే తుంగనాథ్, నాలుగు కిలోమీటర్ల లోపు రాళ్ళు పరిచిన బాట. అది 3,680 మీటర్ల ఎత్తున ఉన్న శివాలయం, కేదారం కంటే కూడా పైన. సహకరించకపోతే టీ తాగుతూ కొండలు చూడండి. టూర్ల వాళ్ళు సాధారణంగా కోసేసేది ఈ రోజునే. నాకు రెండు యాత్రల్లో గుర్తున్నది కూడా ఈ రోజే.

ఆరో రోజు గోపేశ్వర్, చమోలీ మీదుగా జోషీమఠ్. 2023 జనవరిలో నేల కుంగి ఇళ్ళు పగుళ్ళిచ్చిన ఊరు ఇదే. వద్దనిపిస్తే ముందే పీపల్‌కోటీలో ఆగండి. జోషీమఠ్‌లో నరసింహస్వామి గుడి మాత్రం చూడండి.

ఏడో రోజు బదరీనాథ్. గుడికి దగ్గరి దాకా బండి వెళ్తుంది, ఎత్తు 3,100 మీటర్లు. తప్తకుండంలో వేడినీళ్ళ స్నానం, దర్శనం. వైష్ణవులకిది 108 దివ్యదేశాల్లో ఒకటి. బ్రహ్మకపాలంలో పిండప్రదానం చేసేవాళ్ళు మూడు తరాల పేర్లు, గోత్రం ఇంట్లోనే కాగితం మీద రాసుకుని వెళ్ళండి. అక్కడ చలిలో తాతగారి నాన్న పేరు గుర్తురాక ఇంటికి ఫోన్లు చేసేవాళ్ళని చూశాను. దక్షిణ ఎంతో ముందే అడిగి తేల్చుకోండి. మూడు కిలోమీటర్ల అవతల మానా ఊరు. ‘భారత్ చివరి గ్రామం’ అన్న బోర్డు పోయి ఇప్పుడు ‘మొదటి గ్రామం’ అని ఉంది. వ్యాసగుహ, భీమ్ పుల్ అనే రాతి వంతెన, దాని కింద రాళ్ళని చీల్చుకుని దూకే సరస్వతి. ఆ రాత్రి బదరిలోనే ఉంటే తెల్లవారుజామున నీలకంఠ శిఖరం మీద తొలి ఎండ పడటం చూడొచ్చు.

ఎనిమిదో రోజు రుద్రప్రయాగ దాకా, తొమ్మిదో రోజు రిషికేశ్. పదో రోజు ఖాళీ. రైలో విమానమో పదకొండో రోజునే ఉండాలి. దీని మీద మాత్రం బేరాల్లేవు.

ఎత్తు చేసే పని

2,500 మీటర్లు దాటాక ఎవరికైనా తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం రావచ్చు. వయసుతో, బలంతో దీనికి సంబంధం లేదు. జిమ్ కుర్రాళ్ళు వాంతులు చేసుకుంటుంటే పక్క నుంచి అరవై ఏళ్ళ ఆవిడ నడిచి పోవడం నేనే చూశాను. దాహం లేకపోయినా నీళ్ళు తాగుతుండాలి. మందు, సిగరెట్ వద్దు. తలనొప్పి ముదిరినా, అడుగులు తడబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా ఇక దర్శనం గురించి ఆలోచించకుండా వెంటనే కిందికి దిగాలి. దిగడమే దానికి మందు. హెలికాప్టర్‌లో వెళ్ళేవాళ్ళు నిమిషాల్లో పైకి చేరిపోతారు, ఒంటికి అలవాటు పడే టైమే ఉండదు. కాబట్టి వాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బీపీ, గుండె జబ్బు, ఆస్తమా, షుగర్ ఉన్నవాళ్ళు బయల్దేరేముందే డాక్టర్‌ని కలిసి, ఎత్తుకి వేసుకునే మాత్రలు తమకి పడతాయో లేదో కనుక్కుని వెళ్ళాలి. కర్పూరం వాసన చూస్తే ఊపిరి బాగా ఆడుతుందని దారంతా అమ్ముతారు. వాసన బాగుంటుంది, ఆక్సిజన్ మాత్రం పెరగదు.

దారి మూసుకుపోతే

ప్రతి పొద్దున బయల్దేరేముందు హోటల్ వాళ్ళనీ డ్రైవర్‌నీ ఒకే ప్రశ్న అడగండి: ‘రాస్తా ఖులా హై?’ మూసి ఉందంటే కదలకండి. క్యూలో ఎనిమిది గంటలు బండిలో కూర్చోవడం కన్నా ఊళ్ళో మంచం మీద ఉండటం మేలు. దారి మధ్యలో ఇరుక్కుంటే రాళ్ళు పడ్డ చోటికి నడిచి వెళ్ళి వీడియోలు తీయకండి, పైనుంచి ఇంకా పడుతుంటాయి. బండిలో ఎప్పుడూ రెండు లీటర్ల నీళ్ళు, బిస్కెట్లు, ఒక దుప్పటి ఉండాలి. ఆడవాళ్ళు ఆగిన ఊళ్ళోనే బాత్రూం చూసుకుని బయల్దేరడం మంచిది, సిరోబగడ్‌లో మా అమ్మ పడ్డ అసలు కష్టం అదే.

గంగచెంబు హరిద్వార్‌లో కొనడం అలవాటు. మేము రెండోసారి ఖాళీ చెంబు వెంట తీసుకెళ్ళి, దిగేటప్పుడు దేవప్రయాగ సంగమంలో నింపి, రిషికేశ్ బజార్లో మూత సీలు వేయించాం. గొలుసులు పట్టుకునే మెట్లు దిగండి, ప్రవాహం చాలా వడిగా ఉంటుంది. విమానంలో వచ్చేవాళ్ళు దాన్ని టవల్లో చుట్టి చెక్-ఇన్ సామానులో పెట్టండి.